నాడీకణముల పొత్తు

హైదరాబాదు నగరమునకు పశ్చిమమున, ఒకనాడు రాళ్లగుట్టలును తుప్పలును మాత్రమే కానవచ్చిన మాదాపూరు నేలమీద 1998వ సంవత్సరములో సైబర్ టవర్సు అను సౌధము తెరువబడినది. నాటినుండి హైటెక్ సిటీ యనియు, సైబరాబాదనియు పేరొందిన ఆ ప్రాంతమున నేడు పనిచేయుచున్న మన యువతీయువకుల నోట దినమునకు పదిమారులు వినవచ్చు మాట యొకటి కలదు. అది న్యూరల్ నెట్‌వర్కు. తెలుగున దానిని నాడీజాలమని చెప్పవచ్చును. కృత్రిమమేధ యనబడు నేటి యంత్రవిద్య చాలవరకు ఆ మాటమీదనే నిలిచియున్నది. అయితే ఆ మాట యంత్రమునకు పుట్టుకతో వచ్చినది కాదు. 1943లో మెకల్లక్, పిట్సు అను ఇరువురు పండితులు అమెరికాలో నాడీకణము పనిచేయు తీరును గణితరూపమున వ్రాసి చూపిరి. యంత్రములు ఆ గణితమునే అనుసరించి, ఆ పేరునే అరువు తెచ్చుకొన్నవి. అరువు తెచ్చుకొన్నవారికి అసలువాని సంగతి కొంతయైనను తెలిసియుండుట న్యాయము.

ఆ సంగతి తెలిసికొనుటకు సముద్రములు దాటి పోనక్కరలేదు. హైటెక్ సిటీకి కొద్ది మైళ్ల దూరముననే, బంజారా హిల్సుమీద, ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ యున్నది. అచ్చటి పరిశోధకులు మనుష్యుల మూలకణములను గాజుపళ్లెములలో పెంచగా, ఆ కణములు తమంతట తామే వరుసలు తీరి, కంటి వెనుకభాగమున నుండు రెటీనా యను నాడీపొరకు తొలిరూపమును కట్టుకొన్నవి. ఈ వృత్తాంతము 2017లో 'డెవలప్‌మెంట్' అను శాస్త్రపత్రికయందు ప్రకటింపబడినది. ఒక గడియారపు ముక్కలను పళ్లెములో పోసియుంచిన అవి గడియారము కాజాలవు. జీవకణములు మాత్రము, తగిన యాహారమును వెచ్చదనమును దొరికినచో, మేస్త్రీ లేకుండనే యిల్లు కట్టుకొనుచున్నవి. ఇది యెట్లు జరుగుచున్నది? దీనివలన మనకు కలుగు లాభమేమి? దీనిపేరు చెప్పి మనలను మోసగించువారి మాటలలో నిజమెంత? ఈ మూడు ప్రశ్నలను పాఠకుల యెదుట నుంచుట నేటి మా యుద్దేశ్యము.

మూడవ ప్రశ్న తక్కినవానికంటె తొందరగలది. పక్షవాతముతో మంచము పట్టిన తండ్రి గల యింటికిని, మాట రాని బిడ్డ గల యింటికిని నేడు ఒక ప్రలోభము చేరుచున్నది. మూలకణములను నరములోనికి ఎక్కించిన చాలుననియు, చెడిన నాడులు మరల చిగుర్చుననియు చెప్పి లక్షల రూపాయలు రాబట్టు వ్యాపారము దేశమున పలుచోట్ల సాగినది. ఎకరము అమ్మియైనను బిడ్డను బాగుచేసికొనవలెనను ఆశ తల్లిదండ్రులకు సహజమే. ఆ ఆశకు తగిన ఆధారము కలదో లేదో తెలియవలెనన్న, నాడీకణములు ఏ షరతులమీద పొత్తు కుదుర్చుకొనునో ముందుగా తెలియవలెను.

నాడీమండలము అతుకులేని యల్లికయా, వేరువేరు కణముల కూటమియా యను తగవు పందొమ్మిదవ శతాబ్దపు చివర విద్వాంసులలో గట్టిగా సాగినది. ఇటలీ దేశీయుడగు గోల్గీ అది వలవలె ఏకమని వాదించెను. స్పెయిను దేశీయుడగు కహాల్, ఒక్కొక్క కణమును విడిగా నున్నదనియు, అవి ఒకదాని చెంతకొకటి చేరునేగాని ఒకదానిలో నొకటి కలిసిపోవనియు చెప్పెను. 1906లో నోబెల్ బహుమానమును ఇరువురకును కలిపి యిచ్చిరి. బహుమానమందుకొను వేళ చేసిన యుపన్యాసములలో సైతము వారు ఏకీభవింపలేదు. మరుసటి యేడు, అనగా 1907లో, అమెరికాలో రాస్ హారిసన్ అను శాస్త్రజ్ఞుడు కప్పపిండమునుండి నాడీభాగమును కొంచెము తీసి, కప్ప శరీరపు ద్రవపుబొట్టులో నుంచి, గాజుపలకకు వ్రేలాడదీసి సూక్ష్మదర్శినితో చూచుచుండెను. కణమునుండి సన్నని తంతువు బయలుదేరి ముందునకు సాగుట ఆయన కంటికి కనబడినది. కహాల్ వాదమునకు అది బలమైన సాక్ష్యము. శరీరము వెలుపల జీవకణములను బ్రతికించి పెంచు విద్యకును అదియే నాంది.

నేడు ప్రయోగశాలలలో జరుగు పనియు మూలమున అదే. నాడీకణములను విడదీసి పళ్లెములో చల్లిన, మొదట అవి గుండ్రని విత్తనములవలె పడియుండును. కొద్ది గంటలలో వానినుండి మొలకలవంటి కాడలు వెలువడును. వానిలో నొకటి మిక్కిలి పొడవుగా సాగి వార్తలు పంపు తంతువగును. తక్కినవి కొమ్మలుగా చీలి వార్తలందుకొను శాఖలగును. సాగిపోవు తంతువు కొనయందు వ్రేళ్లు చాచిన అరచేతివంటి భాగమొకటి యుండును. అది చుట్టుప్రక్కల నున్న రసాయనముల రుచిచూచుచు, ఇష్టమైన దిక్కునకు మొగ్గుచు, కానిదానినుండి తొలగుచు దారి వెదకికొనును. చీకటిలో గోడ తడవుచు నడచు మనుష్యునితో దానిని పోల్చవచ్చును. పొరుగుకణము తగిలినచోట అది నిలిచి, అచ్చట నొక సంధిని కట్టును. శాస్త్రజ్ఞులు దానిని సినాప్సు అందురు. ఆ సంధిలో ఇరుకణముల నడుమ మిక్కిలి సన్నని ఎడమున్నది. ఒడ్డుకు ఒడ్డు అంటకయే పడవమీద సరకు చేరినట్లు, రసాయనములు ఆ ఎడమును దాటి ఒక కణపు వార్తను మరియొక కణమునకు చేర్చును.

సంధులు ఏర్పడిన పిదప అసలు వింత మొదలగును. పళ్లెపు అడుగున సన్నని ఎలక్ట్రోడులను పొదిగి, కణముల విద్యుత్ స్పందనములను వినుటకు వీలున్నది. ఎలుకపిల్లల మెదడునుండి తీసిన కణములైనచో, మొదటివారమున అక్కడొకటి ఇక్కడొకటి టిక్కుమని పలుకును. రెండు మూడు వారములు గడచుసరికి పళ్లెమంతయు ఒక్కసారిగా మ్రోగి, ఒక్కసారిగా ఊరకుండి, మరల మ్రోగుట వినవచ్చును. దీనికి నాయకకణము ఒకటి యుండి తాళము వేయుట లేదు. ఒక్కొక్క కణమునకు తెలిసినది తన పొరుగుకణముల మాట మాత్రమే. పొరుగు పొరుగును కదలింపగా ఊరంతయు కదలుచున్నది. ప్రేరేపించు కణములతోబాటు అణచియుంచు కణములును ఆ జాలములో నుండుటచేత కేక మితిమీరక చల్లారుచున్నది. ఈ అణచుటకు పొంకము తప్పినయెడల ఏమి యగునో మూర్ఛరోగము చెప్పుచున్నది.

అయితే కణములు పొత్తు కుదుర్చుకొనుటకు మూడు షరతులు కానవచ్చుచున్నవి. మొదటిది తోడు. నాడీకణముల నడుమ గ్లియా యను వేరుజాతి కణములుండును. చిరకాలము వీనిని ఖాళీలు నింపు బంకమట్టివంటివిగా పండితులు చులకన చేసిరి. 1997లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఫ్రీగర్, బారెస్ అనువారు రెటీనానుండి తీసిన నాడీకణములను గ్లియా లేకుండ కొన్నింటిని, గ్లియాతో కొన్నింటిని పెంచి చూచిరి. ఒంటరిగా పెరిగినవాని సంధులు మిక్కిలి మందకొడిగా నుండెను. తోడు గలవాని సంధులు అనేకరెట్లు చురుకుగా నుండెను. నారు ఎంత మంచిదైనను మడిలో నీరును ఎరువును లేక దుబ్బుకట్టదుగదా! నాడీకణము విషయమును అట్టిదే.

రెండవ షరతు పని. వాడుకలోనున్న సంధి బలపడును. వాడుకలేనిది చిక్కి రాలిపోవును. కలిసి పలుకు కణముల నడుమ బంధము గట్టిపడునను ఊహను కెనడా దేశపు హెబ్ అను శాస్త్రజ్ఞుడు 1949లో గ్రంథరూపమున వెల్లడించెను. మన సేద్యగాండ్రకు ఇది కొత్త సంగతి కాదు. నీరు పారుచున్న పిల్లకాలువ తన గట్టును తానే తీర్చుకొనును. పారకయున్న కాలువ పూడిపోవును. మనుష్యశిశువు మెదడులో సంధులు ముందుగా అవసరమునకు మించి పుట్టి, బాల్యయౌవనములలో వాడుకను బట్టి తగ్గుచు వచ్చును. హ్యూబెల్, వీజెల్ అనువారు పిల్లికూనల కన్నొకటి మూసియుంచి, చూపు నేర్చుకొనవలసిన దినములు గడచిన పిదప తెరచినచో, కన్ను నిర్దోషముగా నున్నను మెదడు ఆ కంటి మాట వినకుండుటను కనిపెట్టిరి. ఆ కృషికి 1981లో వారికి నోబెల్ బహుమానము లభించినది. పుట్టుకతోనే కంటిలో శుక్లము గల బిడ్డను, పెద్దయైన పిదప చూపింతమని జాగుచేయరాదని కంటివైద్యులు పట్టుపట్టుటకు కారణమిదే. శుక్లమును ఎప్పుడైనను తీయవచ్చును. చూపునకు కావలసిన జాలమును నేయుకాలము మరల రాదు. మా పాఠకుల గ్రామములలో నట్టి బిడ్డ యున్నచో, పంట చేతికి వచ్చువరకు ఆగవలదని మనవి.

మూడవ షరతు కాలము. మనుష్యుని నాడీకణములు ఎలుక కణములకంటె మిక్కిలి నిదానముగా పరిపక్వమగును. వారముల పని నెలలు పట్టును. మనుష్యుని మెదడునుండి కణములు తీయుట సామాన్యముగా వీలుకాని పని గనుక, చాలకాలము ఈ పరిశోధన జంతువులకే పరిమితమైయుండెను. 2006లో జపాను దేశీయుడు యమనక ఎలుక చర్మకణములలో నాలుగు జన్యువులను ప్రవేశపెట్టి, వానిని మరల శైశవదశకు మరలించెను. మరుసటి యేడు మనుష్యకణములలోను అది సాధ్యమైనది. అట్లు మరలిన కణమునుండి గుండెకణమునైనను, నాడీకణమునైనను పొందవచ్చును. 2012లో యమనకకు నోబెల్ బహుమానము వచ్చినది. అదే దేశమున ససాయి బృందమువారు 2011లో ఎలుక మూలకణముల ముద్ద తనంతట తాను లోనికి మడతపడి కంటిగిన్నెగా రూపుగొనుటను చూపిరి. 2013లో వియన్నా నగరమున లాంకాస్టర్, నోబ్లిక్ అనువారు మనుష్యుల మూలకణములనుండి మెదడు పొరల పోలికగల చిన్న ముద్దలను పెంచిరి. వీనినే ఆర్గనాయిడులందురు.

ఈ పరంపరలోనిదే మన హైదరాబాదు పరిశోధన. 1987లో గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు, చలనచిత్ర నిర్మాత ఎల్.వి. ప్రసాద్ కుటుంబమువారి విరాళముతో, స్థాపించిన నేత్రవైద్య సంస్థయందు ఇందుమతి మరియప్పన్‌గారి బృందము ఈ పనిని నడపినది. మూలకణములు పెరుగుచుండగా వాని నడుమ కంటికి బీజములగు చిన్నచిన్న గుంపులు తలయెత్తినవి. పదునైదు వారములలో ఆ గుంపులు కనుగ్రుడ్డు పోలికగల సూక్ష్మాకారములైనవి. ఒక ప్రక్క రెటీనాకు, మరియొక ప్రక్క కంటి ముందుభాగమున నుండు పారదర్శకమగు కార్నియాకు తొలిరూపములు, వెలుపల రెప్పవంటి కప్పు ఏర్పడినవి. పరిశోధకుల ముఖ్యోద్దేశ్యము కార్నియా. కార్నియా చెడి చూపు కోల్పోయినవారికి మరమ్మతు సరకు సిద్ధపరచుటయే వారి గురి. అయినను మా దృష్టికి ఇందులో నింకొక విశేషమున్నది. రెటీనా మెదడునుండి ముందుకు పొడుచుకొని వచ్చిన భాగమే. కనుక మన నగరములోని యా పళ్లెములలో కంటితోబాటు మెదడు కొసకొమ్మ యొకటియు తన రూపమును తాను వెదకికొన్నదని చెప్పవచ్చును. ఎవరును దానికి నమూనా చూపలేదు. కణములలోనే దాగియున్న విధివిధానమును పరిశోధకులు అడ్డురాక పెరుగనిచ్చిరి.

అతిశయోక్తులకు లొంగకుండుటయు పత్రికల ధర్మమే. ఆర్గనాయిడు మెదడు కాదు. అది కొద్ది మిల్లీమీటర్ల ముద్ద. దానికి రక్తనాళములు లేవు. పెరిగినకొలది నడిమి భాగమునకు ప్రాణవాయువు చాలక కణములు చచ్చును. చూచుటకు కన్ను, తాకుటకు చేయి దానికి లేవు. మనుష్యుని మెదడులో నాడీకణములు సుమారు 8,600 కోట్లు. 2019లో అమెరికాలోని ముయోత్రి బృందమువారు నెలల తరబడి పెంచిన ఆర్గనాయిడులలో విద్యుత్ తరంగములు పుట్టుటను, అవి నెలలు నిండక పుట్టిన శిశువుల మెదడు తరంగములతో కొన్ని లక్షణములలో పోలియుండుటను ప్రకటించిరి. 2022లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్నులో సుమారు 8 లక్షల కణములుగల పళ్లెమును కంప్యూటరుకు కలిపి, బంతిని బల్లకొట్టుతో అడ్డుకొను ఆటను ఆడించిరి. బంతి తగిలిన నియమబద్ధమగు విద్యుత్తును, తప్పిన క్రమములేని విద్యుత్తును ఇచ్చుచుండగా, కొద్ది నిమిషములలోనే ఆట మెరుగుపడెనని వారు వ్రాసిరి. దానిని చైతన్యమని పిలుచుట తగదని పలువురు పండితులు ఆక్షేపించిరి. ఆక్షేపణ సబబే. నేర్చు స్వభావము వేరు, అనుభవించు స్వభావము వేరు. అయినను ఈ ముద్దలు పెద్దవగుచున్నకొలది, నొప్పి యను ప్రశ్నను ముందుగానే వేసి నియమములు వ్రాసికొనుట వివేకము.

ఇంతకును లాభమేమి యని అడుగువారికి సమాధానమున్నది. 2016లో జికా యను వైరసు బ్రెజిలు దేశమున శిశువుల తలలను చిన్నవిగా చేయుచున్నదన్న భయము ప్రపంచమును కుదిపినప్పుడు, ఆ వైరసు నాడీకణములకు తల్లులగు కణములనే పట్టి చంపుచున్నదని ఆర్గనాయిడులలో కండ్లార చూచుటకు వీలైనది. గర్భవతులమీద అట్టి పరీక్ష యెవరు చేయగలరు? మందుల విషయమును అంతే. ఎలుకలో పనిచేసిన మెదడుమందు మనుష్యునిలో పనిచేయక పోవుట తరచుగా జరుగుచున్నది. 2022 చివర అమెరికా ప్రభుత్వము, 2023లో భారతప్రభుత్వము తమ ఔషధ నియమములను సవరించి, జంతుపరీక్షలతోబాటు మనుష్యకణముల ఆర్గనాయిడులమీది పరీక్షలకును స్థానము కల్పించినవి. మందుల తయారీకి పేరొందిన మన హైదరాబాదునకు ఇది నేరుగా తగులు సంగతి. జీనోమ్ వ్యాలీ కర్మాగారములు రేపు ప్రపంచమునకు మందులమ్మవలెనన్న, కణములను పెంచి వాని మాట వినగల పనివారు కావలయును. పుష్పమిత్ర భార్గవగారు 1977లో నాటిన సి.సి.ఎం.బి. హబ్సిగూడలో నున్నది, నేత్రవైద్య సంస్థ బంజారా హిల్సుమీద నున్నది, విశ్వవిద్యాలయము గచ్చిబౌలిలో నున్నది. విత్తనము ఊరిలోనే యున్నది. దానిని చల్లు బుద్ధి కావలెను.

పొత్తు కుదురు వేళకు అందిన చిన్న సాయము ఎంత మేలు చేయునో తెలుపుటకు మన యింటి యుదాహరణ మొకటి చాలును. గర్భము నిలిచిన సుమారు 28 దినములలోనే శిశువు నాడీకణముల పలక మడతపడి గొట్టమై మూసికొనవలెను. అదియే మెదడునకును వెన్నుపామునకును పునాది. అది సరిగా మూసికొననిచో వెన్ను తెరచికొన్న బిడ్డ పుట్టును. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలకు నాయకుడై యుండగా, 1945లో ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. ఒకసారి అట్టి బిడ్డ కలిగిన తల్లులకు గర్భమునకు ముందునుండియే ఆ మందు నిచ్చిన, మరల ఆ దోషము కలుగుట 72 శాతము తగ్గినదని 1991లో ప్రకటింపబడిన బ్రిటిషు పరీక్ష నిరూపించినది. గర్భవతినని స్త్రీకి తెలియు నాటికే ఆ గొట్టము మూసికొను గడువు తరచుగా దాటిపోవును. కావున బిడ్డను కోరు స్త్రీ ముందుగనే దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము తీసికొనవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. కొద్ది పైసల మాత్ర! సమయమునకు అందిన అది చేసిన పనిని, సమయము మించిన పిదప కోట్ల రూపాయలు చేయజాలవు.

ఇక మూలకణముల వ్యాపారుల సంగతి. తోడు, పని, కాలము అను మూడు షరతులను పాఠకులు జ్ఞప్తియందుంచుకొని వారి వాగ్దానములను తూచిచూడవలెను. చేతినరములోనికి ఎక్కించిన కణము మెదడు చేరునా? చేరినను బ్రతుకునా? బ్రతికినను ఏ పొరుగుకణముతో సంధి కట్టవలెనో దానికి తెలియునా? శైశవములో దారిచూపిన రసాయనములు పెద్దవాని మెదడులో నున్నవా? ఈ ప్రశ్నలకు పరీక్షించి నిరూపించిన సమాధానము చూపకయే సొమ్ము పుచ్చుకొనువాడు వైద్యుడు కాడు, వర్తకుడు. భారత వైద్యపరిశోధన మండలియు, జీవసాంకేతిక శాఖయు కలిసి 2017లో ప్రకటించిన నియమావళి ప్రకారము, ఎముకమజ్జ మార్పిడివంటి ఆమోదము పొందిన కొన్ని చికిత్సలు తప్ప, మూలకణములను అనుమతి పొందిన పరీక్షలయందే వాడవలెను; అట్టి పరీక్షలకు రోగివద్ద సొమ్ము తీసికొనరాదు. ఆటిజము గల పిల్లలకు మూలకణ చికిత్సను సిఫారసు చేయజాలమని జాతీయ వైద్య కమిషను 2022లో స్పష్టముగా చెప్పినది. నిజమైన పరీక్షయా, బేరమా యని తెలియుటకు సులభమైన గుర్తిది: నీ చేతికి రసీదు వచ్చినచో అది పరీక్ష కాదు.

నిరాశ చెందుమని మా భావము కాదు. పక్షవాతము వచ్చినవానికి మిగిలియున్న నాడీకణములు వాడుకచేత కొత్తసంధులు కట్టుకొనగలవు; చేతికి, కాలికి, మాటకు ఓపికతో చేయించు వ్యాయామము ఫలించుట ఆ కారణముచేతనే. మాట ఆలస్యమైన బిడ్డతో తల్లి దినదినమును ఆడి పాడి పలికించు పలుకులు ఆ జాలమునకు నీరు పెట్టుటయే. వానికి ప్రకటనలు లేవు, పెద్ద భవనములు లేవు. కాని కణముల స్వభావమునకు ఒప్పిన మార్గమది.

మరియొక సంగతి జాతిగౌరవమునకు సంబంధించినది. గచ్చిబౌలిలోని ఐ.ఐ.ఐ.టి. వారు 2019లో నూరుగురు భారతీయ యువతీయువకుల మెదడుల చిత్రములను పరిశీలించి, భారతీయుల మెదడునకు తొలి పటమును తయారుచేసిరి. అంతవరకు మన వైద్యులు పాశ్చాత్యుల కొలతలతో చేసిన పటములతో మన తలలను పోల్చి చూచుచుండిరి. మన సగటు కొలతలు ఎత్తున, వెడల్పున, ఘనపరిమాణమున కొంత తక్కువయని ఆ పరిశీలనలో తేలినది. అది బుద్ధికి కొలత కాదు. రోగమును గుర్తించునప్పుడు మాత్రము ఆ తేడా తెలియవలసినదే. చెన్నపట్నమున ఐ.ఐ.టి. వారు 2024లో గర్భస్థశిశువుల మెదడులను వేలకొలది పొరలుగా చూపు 'ధరణి' యను పటమును లోకమున కందించిరి. పటములు మనవి చేసికొనుచున్నట్లే, కణములును మన జనులవి కావలదా? పరాయిదేశపు కణములమీద పరీక్షించిన మందు మన జన్యువులుగల జనులలో అట్లే పనిచేయునని ముందుగా ఎంచుకొనుటకు వీలులేదు.

అయితే కణము నిచ్చినవాని హక్కును మరువరాదు. 1951లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున హెన్రియెట్టా లాక్సు అను నీగ్రో జాతి పేదరాలి శరీరమునుండి ఆమె యెరుగకయే తీసిన కణములు ప్రపంచమంతట ప్రయోగశాలలలో పెరిగి ఎందరికో లాభము చేకూర్చినవి. ఆమె కుటుంబమునకు చిరకాలము దక్కినదేమియు లేదు. 2023లో గాని ఒక పెద్ద వ్యాపారసంస్థ వారితో రాజీకి రాలేదు. మన పల్లెలలోని రోగి ఇచ్చు చర్మపు చిన్నముక్కనుండి రేపు నాడీజాలము పెరుగవచ్చును. దేనికి ఇచ్చుచున్నాడో ఆతనికి తెలుగులో, ఆతనికి బోధపడు మాటలలో, చెప్పి యనుమతి పొందవలెను. ఆంగ్లములో అచ్చుపడిన కాగితముమీద వేసిన వ్రేలిముద్రను అనుమతి యనరాదు.

తిరిగి సైబరాబాదు చూతము. మనుష్యుని మెదడు సుమారు 20 వాట్ల విద్యుత్తుతో, అనగా ఒక చిన్న దీపమునకు చాలినంతతో, పనిచేయుచున్నది. దాని పేరు పెట్టుకొన్న యంత్రములకు ఊళ్లకు చాలినంత విద్యుత్తు కావలసివచ్చుచున్నది. 2025లో మెల్‌బోర్నులోని కార్టికల్ ల్యాబ్సు అను సంస్థ జీవనాడీకణములను సిలికాను పలకమీద పెంచి కంప్యూటరుగా అమ్మకమునకు పెట్టినది. అది ఫలించునో లేదో కాలము చెప్పును. కాని యంత్రవిద్యయు జీవవిద్యయు ఒకే బాటలోనికి వచ్చుచున్నవనుట స్పష్టము. ఆ బాటమీద మన నగరమున రెండు పక్షములవారును ఉన్నారు. హైటెక్ సిటీలో లెక్కలు తెలిసినవారున్నారు. బంజారా హిల్సుమీదను హబ్సిగూడలోను కణములు పెంచువారున్నారు. వీరి నడుమ గల కొద్ది మైళ్ల ఎడమును ఇంకను తగినన్ని తంతువులు దాటలేదు. ప్రభుత్వము గజముల లెక్కన నేలను సౌధములకు ఇచ్చినట్లే, పరిశోధకునకు పదేండ్లు నిలుకడగల ధనమును ఇచ్చినచో, కంపెనీలు లాభములో కొంత ప్రయోగశాలలకు మరలించినచో, ఆ పొత్తు కుదురుట కష్టము కాదు. భూవసతిగల పెద్దలు గుడిగోపురములకును సత్రములకును ఇచ్చినట్లే ఒక విద్యార్థికి కణవిద్య చెప్పించుటకు కొంత ఈయవచ్చును; నేత్రవైద్య సంస్థ వెలసినది అట్టి దానముతోనేగదా! ఒంటరిగా పెరిగిన కణమువలె విడివిడిగా మిగిలినచో, ఇరుపక్షములవారును ఇతరుల పనికి కూలివారై యుందురు.